మా అత్తమ్మ ఏరిపారేసిన బలం

నేను దంతాలపల్లి దగ్గర ఒక ఊర్ల అంగన్‌వాడి టీచర్ను. పుట్టింది జనగామ దిక్కు, ఇచ్చింది ఇటు. ఈ ఊరికి వచ్చినప్పటినుంచి నాకు ఇద్దరు పైఅధికారులు. ఒకరు మా సూపర్‌వైజర్ మేడం, ఇంకొకరు మా అత్తమ్మ. మేడం ఎప్పుడన్న వస్తది, అత్తమ్మ ఇంట్లనే ఉంటది. వాళ్లిద్దరికి ఎన్నడు మాట పట్టింపు రాలే, ఎందుకంటె ఒకరితోటి ఒకరికి పనివడలే. కంట్రోల్ బియ్యం ఆ పని పెట్టింది.

రేషన్ దుకాణంల ఇచ్చే బియ్యాన్ని మా దగ్గర కంట్రోల్ బియ్యం అంటరు. అప్పటికింకా దొడ్డు బియ్యమే ఇస్తుండిరి. మా ఇంట్ల ఆ బియ్యాన్ని అత్తమ్మ తప్ప ఎవరు ముట్టద్దు. పొద్దుగాల చాయ తాగినంక వాకిట్ల గోడనీడకు కూసోని, చాటల పోసుకోని, రాళ్లు, వడ్లగింజలు ఏరుతది. ఏరుకుంటనే బజార్ల ఎవరు ఎటు పోతున్నరో, ఎవరి చేతిల ఏ సంచి ఉన్నదో సుత చూస్తది. ఆమె కండ్లకు రెండు పనులు ఒక్కసారే చేతనైతయి.

ఒకరోజు నేను సెంటర్‌కు పోదామని చెప్పులు తొడుగుతుంటె పిలిచింది.

"ఓ పిల్లా, జర ఇటు రా. గివి చూడు."

అరచేతిల కొన్ని గింజలు పెట్టుకున్నది. తక్కిన బియ్యంకంటె తెల్లగ, సున్నంముక్క తీరుగ ఉన్నయి. అన్ని ఒక్క కొలతల ఉన్నయి.

"బియ్యమే గదా అత్తమ్మా."

"బియ్యం గిట్లుంటయా? చేన్ల పండిన గింజలు ఒకటి లావుంటది, ఒకటి సన్నముంటది. గివి అన్నదమ్ముల తీరుగ ఉన్నయి. గివి బియ్యం కాదు, పలాస్టిక్."

నాకు సంగతి అర్థమైంది. అంతకు కొద్దిరోజుల ముందే మహబూబాబాద్‌ల మాకు ఆ గింజల గురించే ట్రైనింగ్ ఇచ్చిన్రు. బియ్యప్పిండిల ఇనుము, విటమిన్లు కలిపి, మళ్ల బియ్యంగింజ ఆకారంల చేసి, నూరు గింజలకు ఒక గింజ లెక్కన మామూలు బియ్యంల కలుపుతరని ఒక సారు చెప్పిండు. చూసెతందుకని ఒక సీసామూతల కొన్ని గింజలు పోసి ముందు వరుసల ఇచ్చిండు. ఆ మూత చేతులు మారుకుంట మా వెనక వరుసకు వచ్చేసరికి అడుగున రెండుమూడే మిగిలినయి. ముందున్నోళ్లు రుచి చూస్తమని నోట్లేసుకున్నరు. నా పక్కన గంగారం నుంచి వచ్చిన టీచరక్క లేచి, "సార్, గివి నీళ్లల్ల మునుగుతయా, తేలుతయా?" అని అడిగింది. "కొన్ని తేలతాయమ్మా" అన్నడు సారు. ఆమె కూసోని నా చెవుల చెప్పింది: "అయిపాయె. మా దగ్గర నీళ్లల్ల ఏది తేలినా పారబోస్తరు."

నేను అప్పుడు నవ్విన. ఇప్పుడు అత్తమ్మ అరచేయి నా ముంగట ఉంటె నవ్వు రాలే.

"పలాస్టిక్ కాదత్తమ్మా. బలం బియ్యం. దాంట్ల ఇనుము కలిపిన్రు. తింటె రక్తం పడుతది."

ఇనుము అన్న మాట నోట్లనుంచి రాకుండ ఉంటె ఎంత బాగుండేదో! అత్తమ్మ నన్ను కిందినుంచి మీదికి చూసింది.

"ఇనుమా? ఇనుము తింటరా ఎవరన్న? నీ మొగని దుకాణంల మస్తున్నది, పోయి తిను."

మా ఆయనకు దంతాలపల్లిల మోటర్లు బాగుచేసే దుకాణమున్నది. పొక్కిన పైపులు, విరిగిన ఫ్యాన్లు, తుప్పుపట్టిన బోల్టులు దాని ముంగట కుప్పవడి ఉంటయి. ఆ కుప్ప నా కండ్లల్ల మెదిలింది. రెండో చెప్పు తొడుక్కోని సెంటర్‌కు పోయిన.

ఆ ముచ్చట అక్కడితోటి అయిపోతుండె కావచ్చు. గని మాపటికి భూపాలపల్లి నుంచి మా ఆడబిడ్డ ఫోన్‌ల ఒక వీడియో పంపింది. ఆమె భర్త అక్కడ బొగ్గుబాయిల పనిచేస్తడు. ఆమెకు ఫోన్‌ల వచ్చే ప్రతి వీడియోను తల్లికి పంపకపోతె అన్నం అరగదు. ఆ వీడియోల ఒక మిషన్ ఉన్నది. ఒక దిక్కు తెల్లటిదేదో పోస్తున్నరు, ఇంకో దిక్కు బియ్యం తీరుగ గింజలు రాలుతున్నయి. వెనక భయం పుట్టించే సంగీతం. ఒకాయన హిందీల గట్టిగ చెప్తున్నడు.

అత్తమ్మకు హిందీ రాదు. పక్కింటి చాచీని పిలిచింది. చాచీ ఇంట్ల ఉర్దూ మాట్లాడుతది, బయట మాకంటె మంచి తెలుగు మాట్లాడుతది. మిషన్ మీద జాకెట్లు కుడుతది. ఊర్ల ఆడోళ్లందరి కొలతలు, ఆడోళ్లందరి ముచ్చట్లు ఆమె దగ్గరే ఉంటయి.

చాచీ కండ్లద్దాలు పెట్టుకోని వీడియో మొత్తం చూసింది.

"ఏమంటున్నడే?" అన్నది అత్తమ్మ.

"బహుత్ ఖతర్‌నాక్ అంటున్నడు."

"ఇంకా?"

"అదే, ఖతర్‌నాక్ అంటున్నడు. పేగులకు అతుక్కుంటదంట. పిల్లలు పుట్టరంట."

పిల్లలు పుట్టరన్న మాట ఆయన అన్నడో, చాచీ కలిపిందో నాకు ఇప్పటికి తెల్వదు. నేను మళ్ల ఆ వీడియో పెట్టి వింటె ఆ మాట నాకు వినవడలే. అడిగితె చాచీ, "నీకు హిందీ ఎంతొస్తది?" అన్నది. నిజమే, నాకు రాదు.

తెల్లారినుంచి మా ఇంట్ల పరీక్షలు మొదలైనయి. ముందుగాల నీళ్ల పరీక్ష. గిన్నెల బియ్యం పోసి నీళ్లు పోస్తె కొన్ని గింజలు మీదికి తేలినయి. అత్తమ్మ నా దిక్కు చూసి ఏమనలే. ఏమనకపోవుడే ఆమె గెలుపు. తరువాత నిప్పు పరీక్ష. ఏరిన గింజల్ని పెనం మీద మాడ్చి, "వాసన చూడు, పలాస్టిక్ వాసన" అన్నది. నేను పట్టు వదలక ఇంట్ల ఉన్న సన్నబియ్యం చారెడు తెచ్చి అదే పెనం మీద మాడ్చిన. అదే నలుపు, అదే వాసన.

"నువ్వు పొయ్యికాడ నిలవడితె ఏదైన గట్లనే మాడుతది" అన్నది అత్తమ్మ.

ఆఖరిది బంతి పరీక్ష. వీడియోల చూపెట్టినట్టే అన్నాన్ని పిసికి, గుండ్రంగ బంతి చేసి, బండల మీద కొట్టింది. అది మూరెడు మీదికి ఎగిరింది. అప్పుడే అన్నం తిందామని మా ఆయన లోపలికి వచ్చిండు. బంతి పోయి ఆయన కాళ్లకాడ ఆగింది.

"అన్నంతోటి ఆటలేందే?" అన్నడు.

"నీ పెండ్లాం తినమంటున్న బియ్యంరా. ఎట్ల ఎగురుతున్నదో చూడు!"

"ఏ అన్నం పిసికినా గట్లనే ఎగురుతది" అన్న నేను.

ఆయన తల్లి మొఖం చూసిండు. నా మొఖం చూసిండు. చేతులు కడుక్కోని, "నాకు జొన్నరొట్టె చేయున్రి" అన్నడు. మా ఇంట్ల మొగోళ్ల తీర్పు గట్లుంటది. ఆ రోజునుంచి ఆయన బువ్వ జోలికి రాలే. రొట్టెలు మాత్రం నేనే చేసిన.

నేను చదువుకున్న తెలివి చూపెట్టుదామని ఒకపూట వంటనూనె ప్యాకెట్ తెచ్చి అత్తమ్మ ముంగట పెట్టిన. దాని మీద విటమిన్లు కలిపినట్టు రాసి ఉన్నది.

"చూడత్తమ్మా, నూనెల సుత విటమిన్లు కలిపిన్రు. దీన్ని నువ్వే తొర్రూరు అంగట్ల ఏరి కొనుక్కొస్తవు. ఇది మంచిదట, బియ్యం చెడ్డదట, ఎట్ల?"

అత్తమ్మ క్షణం ఆలోచించలే.

"అది మనం పైసలు పెట్టి కొన్నది. కొన్నదాంట్ల ఏమన్న కలిస్తె బలం. ఊకె ఇచ్చినదాంట్ల కలిస్తె అనుమానం."

ట్రైనింగ్‌ల ఈ ప్రశ్నకు జవాబు ఎవరు చెప్పలే. నేను నూనె ప్యాకెట్ తీసి అల్మార్ల పెట్టిన.

మా అత్తమ్మ ఇంట్ల కూసోని ఊకునే మనిషి అయితె నాకు తిప్పలుండకపోవు. ఆమె ఉపాధి పనికి పోతది. అక్కడ ఆమె మాటంటె మాటే. చెరువుకట్ట కాడ మట్టి తవ్వి, నీడకు కూసున్నప్పుడు కొంగుముడి విప్పి ఆ గింజలు అందరికి చూపెట్టిందట. ఆ మరునాడు మా సెంటర్‌ల పొయ్యి మీద అదే బియ్యంతోటి అన్నం ఉడికింది గని, తినేటోళ్లు లేరు. గర్భిణులు వచ్చిన్రు, గుడ్డు తిన్నరు, పాలు తాగిన్రు, అన్నం ముట్టలే. పిల్లలు ఇంటినుంచి డబ్బాలు తెచ్చుకున్నరు. తండానుంచి వచ్చే ఒక తల్లి కొడుకును చంకనేసుకోని నా దగ్గరికి వచ్చింది.

"టీచరమ్మా, గిది తింటె కడుపుల పలాస్టిక్ సంచి తయారైతదంట, నిజమేనా?"

"ఎవరు చెప్పిన్రమ్మా నీకు?"

ఆమె నన్ను వింతగ చూసింది.

"మీ అత్తమ్మనే చెప్పింది గదా."

మా ఆయా గిన్నెల గంటె తిప్పుకుంట మొఖం అటు తిప్పుకున్నది. ఆమె భుజాలు ఊగుతుంటె నవ్వుతున్నదని తెలిసింది.

మాపటికే సూపర్‌వైజర్ మేడం ఫోన్ చేసింది. "చుట్టుపక్కల ఏ ఊర్ల లేదు, మీ ఊర్లనే ఎందుకు లొల్లి? ఎవరు లేపిన్రు ఈ పుకారు?" అని అడిగింది.

"ఎవరో పెద్దమనిషి మేడం" అన్న.

"ఆమెకు నచ్చజెప్పు."

"నచ్చజెప్తనే ఉన్న మేడం. రోజు, మూడు పూటల."

మేడం ఒక పెద్దసారును వెంటపెట్టుకోని ఊరికి వచ్చింది. సెంటర్ ముంగట టెంటు వేసినం. ఆడోళ్లంత వచ్చిన్రు. మా అత్తమ్మ, చాచీ ముందు వరుసల కూసున్నరు. సారు మంచి మనిషే, గని ఆయన తెలుగు పుస్తకంల నుంచి వచ్చింది. "సూక్ష్మపోషకాల లోపాన్ని అధిగమించేందుకు" అని మొదలుపెట్టిండు.

"ఏమంటుండే?" అన్నది అత్తమ్మ, అందరికి వినవడేటట్టు.

"ఏదో లోపమంటుండు" అన్నది చాచీ.

"మరి, లోపమున్నదని ఆయన నోటితోటే ఒప్పుకునె!"

సారు ఇంకొంచెం సేపు మాట్లాడి, ఏమన్న అనుమానాలుంటె అడగమన్నడు. అత్తమ్మ లేచి దండం పెట్టింది.

"సారూ, కోపం చెయ్యద్దు. ఒక్క మాట. మీ ఇంట్ల గివే తింటున్నరా?"

సారు అబద్ధమాడేటోడు కాదు. "నేను అన్నమే మానేశానమ్మా. షుగర్ ఉంది. రెండుపూటలా పుల్కాలే" అన్నడు.

టెంటు కింద గుసగుస మొదలైంది. "బియ్యం గురించి చెప్పెటందుకు వచ్చినాయన బియ్యమే తినడట!" అని వెనకనుంచి ఎవరో అన్నరు. అందరు మేడం దిక్కు చూసిన్రు. మేడం గొంతు సవరించుకోని, "మేము... బయట కొనుక్కుంటం" అన్నది. ఇగ నేను ఎటు చూడాలె? నేల చూసిన.

సారుకు పౌరుషం వచ్చింది. "ఇప్పుడే ఇక్కడే వండండి. మీ అందరి ముందు నేను తింటాను" అన్నడు. ఆయన ఆ మాటన్నప్పుడు నాకు మస్తు గౌరవం కలిగింది. మా ఆయా ఉరికి పొయ్యి ముట్టించింది. అంతమంది చూస్తుంటె నీళ్లు ఎక్కువ పోసింది. అన్నం ముద్ద ముద్దయింది. పప్పుచారు పొద్దుగాలదే ఉన్నది.

సారు కుర్చీల కూసోని కలుపుకున్నడు. ఊరంత ఆయన చెయ్యినే చూస్తున్నది. చెయ్యి మీదికి లేస్తె అందరి తలకాయలు లేచినయి.

"నోట్ల పెట్టిండు."

"నములుతుండు."

"మింగిండా?"

"మింగిండు, మింగిండు! గొంతు కదిలింది."

సారు ఇంకో ముద్ద తిన్నడు. ఇంకొకటి తిన్నడు. నా గుండె నిమ్మలమైంది. అంతల సారుకు దగ్గు వచ్చింది. కండ్లు ఎర్రగైనయి, మొఖం చెమట పట్టింది, చేతితోటి నీళ్లు నీళ్లు అని సైగ చేస్తున్నడు. ముందు వరుసల ఉన్నోళ్లు పిల్లల్ని లాక్కోని వెనకకు జరిగిన్రు. ఎవరో ఆటో పిలువుండ్రని అరిచిన్రు. సారు లోటడు నీళ్లు తాగి, ఊపిరి తీసుకోని, "మిరపకాయ! పప్పులో మిరపకాయ!" అన్నడు. ఆయన ఆ మాట చెప్పేసరికి సగం టెంటు ఖాళీ అయింది.

పొద్దుమీకి పక్కూరినుంచి మా ఆయా చెల్లె ఫోన్ చేసింది. కంట్రోల్ బియ్యం తిని ఒక పెద్దసారును తొర్రూరు దవాఖానకు తీసుకపోయిన్రట, పానం ఎట్లున్నదో ఏమన్న తెలిసిందా అని.

ఆ తరువాత కొన్ని రోజులు నేను ఎవరితోటి ఆ ముచ్చట ఎత్తలే. సెంటర్‌ల పిల్లలు డబ్బాల అన్నమే తింటున్నరు. అత్తమ్మ రోజు చాటల ఏరుతనే ఉన్నది. అయితె ఒక సంగతి నేను గమనించలే. ఏరిన గింజల్ని ఆమె పారేస్తలేదు. మనుషులకు చెడ్డదో కాదో తేల్చాలెనంటె ఎవరికన్న పెట్టి చూడాలె గదా. మా ఇంట్ల కోళ్లున్నయి. గని వాటి మీద ఆమెకు పానం. అందుకని గోడ మీదినుంచి చాచీ కోడికి వేస్తున్నది.

చాచీ కోడి ముసలిది కాదు గని, చాన రోజులసంది గుడ్డు పెడుతలేదు. బక్రీదుకు కాకపోతె ఆ తరువాత వచ్చే చుట్టాలకు దాన్ని కోస్తనని చాచీ అంటుండె. అసొంటి కోడి ఉన్నట్టుండి గుడ్డు పెట్టింది. మరునాడు సుత పెట్టింది. చాచీ సంబురపడి, కోడి ఏం తింటున్నదో చూద్దామని గోడకాడ నిలవడ్డది. సరిగ్గ అప్పుడే మా అత్తమ్మ గోడ మీదినుంచి గుప్పెడు గింజలు విసిరింది.

లొల్లి నాకు సెంటర్‌దాక వినవడ్డది. నేను ఉరికి వచ్చేసరికి చాచీ నడుము మీద చెయ్యి పెట్టుకోని ఉన్నది.

"నీ కోళ్లు కోళ్లు, నా కోడి కోడి కాదా? నా కోడి మీద పరీక్ష పెడుతవా? విషమైతె అది చచ్చిపోదా?"

"చావలే గదా!" అన్నది అత్తమ్మ.

"చావకపోతె? నువ్వు చంపుదామనే గదా వేసినవు!"

"చంపుదామని కాదు, చూద్దామని."

చాచీ ఇంకేదో అనబోయి ఆగింది. కోడి దిక్కు చూసింది. దాని తలమీది తురాయి ఎర్రగ ఉన్నది.

"చావలే" అన్నది నిమ్మలంగ. "పైగ గుడ్డు పెట్టింది."

ఇద్దరు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. ఎండలు తగ్గి, వానలు పడి, అందరి కోళ్లు మళ్ల గుడ్లు పెట్టే కాలం వచ్చిందని నేను చెప్పబోయిన. ఎవరు వింటరు?

చాచీ కుట్టుమిషన్ ఆ వారం ఊరికే తిరగలే. జాకెట్ కొలతకు వచ్చిన ప్రతి ఆడమనిషికి కోడి ముచ్చట చెప్పింది. నోళ్లు మారుకుంట పోయి, తింటె పిల్లలు పుట్టరన్న గింజలే తింటె పిల్లలు పుడుతరన్న మాటైంది. ఒక ఆదివారం పొద్దుగాల నేను బట్టలు ఆరేస్తుంటె, వెనక బజారుల ఉండే ఒకామె స్టీలు డబ్బా పట్టుకోని వచ్చింది. ఆమె కొడుకుకు కిందటేడు పెండ్లయింది.

"అక్కా, ఏరిన గింజలు జర ఇయ్యవా? మా కోడలికి" అని అత్తమ్మను అడిగింది.

మా అత్తమ్మ ఇన్నిరోజులు ఆ గింజలు విషమని చెప్పిన మనిషి. ఇప్పుడు లేదని అంటదనుకున్న. లోపలికి పోయి డబ్బాల సగందాక పోసి తెచ్చింది. పోసి ఊకోక, "పొద్దుగాల పరిగడుపున నమిలి తినమను. చాయ తాగద్దను" అని సుత చెప్పింది.

నా చేతిల ఉన్న తడిచీర కింద పడ్డది.

"అక్కా, ఆగు" అని నేను ఉరికి ఆ డబ్బా గుంజుకున్న. "గిది ఉత్తగ గుప్పెళ్లకు గుప్పెళ్లు తినేది కాదు. కడుపునొప్పి వస్తది."

ఆమెకు కోపం వచ్చింది. "నువ్వే గదా తినున్రి తినున్రి అని ఊరంత తిరిగితివి! ఇప్పుడు తింటమంటె వద్దంటున్నవు!"

ఆమె అన్నదాంట్ల తప్పేమున్నది? నేను ఆమెను గద్దె మీద కూసోపెట్టిన. చాచీ గోడ మీదినుంచి తల పెట్టింది. అత్తమ్మ చాట పక్కకు జరిపింది. ఇగ నేను సారు చెప్పినట్టు కాదు, ఇంట్ల మాట్లాడినట్టు చెప్పిన.

"అత్తమ్మా, నూకల్ని పిండి పడుతరు. ఆ పిండిల రక్తం పట్టే మందు కలుపుతరు. నర్సమ్మ ఇచ్చే గోలీలల్ల ఉండే మందే. పిండి తడిపి, మనం మురుకులు ఒత్తినట్టు మిషన్ల ఒత్తుతరు. ఒత్తుతున్నకొద్ది బియ్యంగింజంత కోస్తరు. ఎండవెడుతరు. నూరు గింజలకు ఒక్కటి కలుపుతరు. నీ వీడియోల కనవడ్డ మిషన్ గదే కావచ్చు."

అత్తమ్మ చాట దిక్కు చూసింది.

"గంతేనా?" అన్నది.

"గంతే."

"మురుకులేనా?"

"కాలవని మురుకులు."

"మరి గా సారు గిట్ల చెప్తె అయిపోవు గదా. లోపమంటడు, అదేదో అంటడు." చాటల ఒక గింజ తీసి వేళ్ల నడుమ నలిపింది. అది పిండి పిండయింది. "పిల్లా, నాకు మందు తిననీకె భయం లేదు. చెప్పకుండ కలిపిన్రు. గదీ నా కోపం. యాదికున్నదా, మీ మామ బతికున్నప్పుడు తొర్రూరుల పత్తి ఇత్తనం తెచ్చినం. చూస్తె ఎంత మంచిగుండె! మొక్కలు నడుమెత్తు పెరిగినయి, ఒక్క కాయ పట్టలే. దుకాణపాయన మాకేం ఎరుక అన్నడు. అప్పటిసంది గింజ కొత్తగ కనవడితె నా పానం ఆగది."

పంట పోయినంక ఆ ఏడు మా మామ మళ్ల చేను దిక్కే పోలేదని నాకు తెలుసు. "ముందుగాల చెప్పి కలపాల్సింది" అన్న. అత్తమ్మ తలూపింది. మేమిద్దరం ఒక్కమాట మీదికి వచ్చుడు అదే మొదలు.

డబ్బా తెచ్చినామె ఇంకా కూసునే ఉన్నది. "అయితె మా కోడలికి ఇయ్యాల్నా, వద్దా?" అన్నది.

నేను నోరు తెరవకముందే అత్తమ్మ అందుకున్నది. "గిన్నెడు పాలు పెరుగు కావాలెనంటె రెండు సుక్కల తోడు వేస్తవు. తోడే గిన్నెడు తాగుతవా? గిది సుత గంతే. బియ్యంల కలిసి ఉన్నదాన్ని ఉన్నట్టే వండుకొని తినున్రి. పిల్లలు కావాలెనంటె నీ కొడుకును ఇంటికాడ ఉండమను. ఎప్పుడు చూసినా లారీ మీదనే ఉంటడు."

తోడు మాట నాకు అంతదాక తట్టలే. ఆ తరువాత సెంటర్‌ల అదే మాట వాడుకున్న.

పరిస్థితి కొంచెం కుదుటపడ్డది అనుకుంటున్నప్పుడు నర్సమ్మ సెంటర్‌కు రక్తం చూసెతందుకు వచ్చింది. వేలికి సూది గుచ్చి ఒక చిన్న మిషన్ల పెట్టి చెప్తది. ఊర్ల ఆడోళ్లకు ధైర్యం రావాలెనని నేనే ముందుగాల వేలు చాపిన. నర్సమ్మ మిషన్ చూసి, నా మొఖం చూసి, కండ్లరెప్ప కిందికి గుంజి చూసి, "టీచరమ్మా, నీకే రక్తం లేదు" అన్నది.

అత్తమ్మ మా ఆయా వెనక వరుసల ఉన్నది. జనాన్ని తోసుకుంట ముందుకు వచ్చింది. "నాది చూడు" అని వేలు పెట్టింది. ఆమెది మంచిగున్నది. ఈ వయసుల గింత ఉండుడు గొప్పే అన్నది నర్సమ్మ.

అత్తమ్మ ఆ వేలు అట్లనే పట్టుకోని అందరి దిక్కు తిరిగింది.

"చూసిన్రా? ఏరుకోని తిన్నదానికి రక్తమున్నది. తినున్రని చెప్పినామెకు లేదు!"

అక్కడున్నోళ్లంత పడిపడి నవ్విన్రు. నాకు ఏడ్పు రావాలె గని, నవ్వే వచ్చింది. నర్సమ్మ నన్ను పక్కకు కూసోపెట్టి అడిగింది. పొద్దుగాల ఏం తింటున్నవంటె ఏం లేదన్న. మధ్యాహ్నం తిన్న వెంటనే ఏం చేస్తవంటె చాయ తాగుతన్న. "అన్నం మీద చాయ తాగితె తిన్న ఇనుమంత వృథా. నువ్వు ట్రైనింగ్‌ల వినలేదా?" అన్నది. విన్న. పదిమందికి చెప్పిన సుత. గోలీలు ఇచ్చి పోయింది.

ఆ రోజునుంచి ఇంట్ల నా చాయ బందైంది. తిన్నంక గంటదాక పొయ్యిదిక్కు పోతె అత్తమ్మ కేక వేస్తుండె. పొద్దుగాల ముందు బువ్వ తింటెనే సెంటర్‌కు పోనిస్తుండె. తోటకూర, మునగాకు, చిక్కుడు, ఏది వండినా పెద్దగంటె నా కంచంల. గోలి నా నోట్ల పడి మింగిందాక ముంగట నిలవడుతుండె.

ఇంకోటి సుత జరిగింది. ఆమె ఆ తెల్లగింజలు ఏరుడు మానేసింది. రాళ్లు, వడ్లు ఏరుతది, వాటిని మాత్రం ఉండనిస్తది. ఓడిపోయిన అని మాత్రం ఎన్నడు ఒప్పుకోలే. ఉపాధి పనికాడ అడిగినోళ్లకు, "మా కోడలికి రక్తం లేదని నర్సమ్మ చెప్పింది. ఆమె కోసమని ఏరుతలేను. మేం సుత అదే కుండలది తినాలె, ఏం చేస్తం?" అని చెప్పిందట. ఆ మాట ఊర్ల చాన పనిచేసింది. ఆమె ఇంట్ల ఏరుతలేదని తెలిసినంక సెంటర్‌ల డబ్బాలు ఒక్కొక్కటి తగ్గినయి. అందరు మారలే. తండానుంచి వచ్చే ఆ తల్లి ఇప్పటికి బియ్యాన్ని తేలేటివి తేలిపోయేదాక కడుగుతనే ఉంటది. కడిగినంక, "టీచరమ్మా, నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. గని నా చెయ్యి ఊకోదు" అంటది. మా ఆయన రొట్టెలకు అలవాటైండు. చాచీ కోడి బక్రీదు దాటింది.

మరుసటి ఎండాకాలం మా తమ్ముని పిల్లకు పేరుపెడుతున్నరని జనగామకు పోయినం. అత్తమ్మ సుత వచ్చింది. మేం పోయేసరికి మా అమ్మ వాకిట్ల చాట పెట్టుకోని కూసున్నది. పక్కన ఒక చిన్న గిన్నెల తెల్లగింజలు వేరుచేసి పెట్టింది.

"వదినా, గివేందో చూడు. పలాస్టిక్ కలుపుతున్నరంట" అన్నది మా అమ్మ.

నేను చెప్పెటందుకు నోరు తెరిచిన. అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. సంచి కింద పెట్టి, కూసోని, గిన్నెల గింజల్ని మళ్ల చాటలకు వంపింది. పిండి పట్టుడు, తడుపుడు, మురుకుల తీరుగ ఒత్తుడు, కోసుడు, నూటికి ఒకటి కలుపుడు అంత వరుసగ చెప్పింది. తోడు ముచ్చట చెప్పింది. మందు సుత నర్సమ్మ గోలీలల్లదే అన్నది. తాను స్వయంగ ఆ మిషన్‌కాడికి పోయి చూసి వచ్చినంత ధీమాగ చెప్పింది. చివరికి, "మా చాచీ కోడి సుత గివి తిని గుడ్లు పెట్టింది" అని నా దిక్కు చూడకుండ అన్నది.

మా అమ్మ నోరు తెరుచుకోని విన్నది.

"గింత ముచ్చట ఉన్నదా! మా బిడ్డ టీచరై ఇన్నేండ్లాయె, నాకు ఒక్కనాడు చెప్పలే."

"దానికి చెప్పుడు రాదు వదినా" అన్నది అత్తమ్మ. "ఇనుము అంటది."

"మరి రుచి?" అన్నది మా అమ్మ.

అత్తమ్మ చాటను ఒకసారి చెరిగి, ఒక రాయి తీసి బయటికి విసిరింది.

"రుచికేముంటది వదినా. దొడ్డు బియ్యం దొడ్డు బియ్యమే. పచ్చిపులుసు జర పుల్లగ చెయ్యి, పోతది."

మా అమ్మ చింతపండు నానబెట్టెతందుకు లోపలికి పోయింది. నేను చాయ పెడుదామని ఆమె వెనకనే లేస్తుంటె, "ముందు బువ్వ తిను" అన్నది అత్తమ్మ.